ఒక కాగు గాయాలకు, ఐదు కాగులు తాగడానికి

మే 3

ఆఫీసు నుంచి తాఖీదు వచ్చింది. వెండి గది దినచర్య పుస్తకంలో ‘ఇతర వివరాలు’ అనే గడి రెండేళ్లుగా ఖాళీగా ఉంటోందనీ, ఇది విధుల పట్ల నిర్లక్ష్యమనీ, ఇకపై ప్రతి పనిదినమూ దాన్ని నింపాలనీ దాని సారాంశం. అలాగే నింపుతాను. ఈ పుస్తకాన్ని ఇంతవరకూ ఎవరూ తెరిచి చూడలేదని నాకు తెలుసు కాబట్టి మొహమాటపడాల్సిన పని కూడా లేదు.

పేరు కొమురమ్మ. ఉద్యోగం వెండి గదిలో కషాయం కాచడం. ఊరు రెండో గని. ఒకప్పుడు ఇక్కడ బొగ్గు తవ్వేవారు. పైన ఎండ యాభై డిగ్రీలు దాటడం మొదలయ్యాక, తవ్వగా మిగిలిన ఖాళీల్లోకి మనుషులు దిగారు. ఇప్పుడు పదకొండు వందల మందిమి ఉన్నాం. కింద ఎండ తగలదు. బదులుగా చెమ్మ, బూజు, పుండ్లు తగులుతాయి. మా నానమ్మ కాలంలో పుండుకు మాత్ర మింగితే తగ్గేదట. తర్వాత క్రిములకు ఆ మాత్రలు అలవాటైపోయాయి. ఇప్పుడు మాకున్నది వెండి ఒక్కటే.

పొద్దున పోశవ్వ ఆరు గంపల తంగేడు ఆకు తెచ్చింది. పొద్దు పొడవకముందే ఏటవాలు దారిన పైకి నడిచి, ఆకు కోసి, పాత బొగ్గు టబ్బులో వేసుకుని తొమ్మిదింటికి దిగుతుంది. ఆకు కడిగి, ఉడికించి, వడకట్టి, చల్లారాక వెండి లవణం కరిగిన నీళ్లు పోశాను. పసరు తగలగానే నీళ్లు లేత పసుపు, కాసేపటికి తేనె రంగు, గంటకల్లా ముదురు టీ రంగు. ఆ రంగు వచ్చిందంటే వెండి కంటికి కనిపించనంత సన్నని రేణువులైందని అర్థం. క్రిముల్ని చంపేది ఆ రేణువులే. ఎవరి పెళ్లి పట్టీలు, ఎవరి కుంకుమ భరిణెలు కరిగించారో నాకు తెలియదు. ఊరంతా ఇచ్చింది.

మొత్తం ఆరు కాగులు కాచాను. ఒకటి గాయాలకు కట్టే గుడ్డలు తడపడానికి. మిగతా ఐదూ మంచినీళ్ల ట్యాంకులో కలపడానికి. ఎందుకన్నది తర్వాత రాస్తాను, గడి చిన్నది.

మధ్యాహ్నం ఓదెలు బావ వచ్చాడు. చనిపోయిన మా అక్క భర్త. అడుగు అంతస్తులో ఊటనీళ్లు తోడే పంపులు చూసుకుంటాడు. ఆయన రెండు రోజులు పడుకుంటే కింది అంతస్తువాళ్లు మంచాలు ఎత్తుకుని పైకి రావాలి. మోకాలి కింద జానెడు గీరుకుపోయింది.

“ఏం తగిలింది బావా?”

“పంపు రాడ్డు. దానికి నాకు పడది.”

“ఆరు రోజులల్ల మానుతది.”

“నువ్వు జెప్తే మానకేంజేస్తది” అన్నాడు.

తొమ్మిదేళ్లుగా ఇదే మాట అందరికీ చెబుతున్నాను. అందరికీ మానింది.

మే 6

గదిలో నాకు నచ్చే పని ఒకటుంది. జెల్లీ పోసిన పళ్లెం మీద క్రిముల్ని పులిమి, నడుమ వెండి కషాయంలో తడిపిన గుండ్రటి కాగితం ముక్క పెట్టాలి. మర్నాటికి పళ్లెమంతా మసకగా పూత పట్టేస్తుంది, కాగితం చుట్టూ మాత్రం శుభ్రంగా ఖాళీ మిగులుతుంది. క్రిములు వెండికి ఎంత దూరం జరిగాయో స్కేలు పెట్టి కొలవడమే. నేను ఉద్యోగంలో చేరిన ఏడాది పదహారు మిల్లీమీటర్లు. ఇవాళ పదకొండు.

ఆఫీసుకు రాశాను. సాయంత్రానికే జవాబు వచ్చింది, ఇంత వేగం నేనెప్పుడూ చూడలేదు. ‘మీ వద్ద ఉన్న స్కేలు పాతదై ఉండవచ్చు. కొత్తది మంజూరు చేయడమైనది.’

మే 8

కొత్త స్కేలు అందింది. దాని మీద చైర్మన్ పురుషోత్తం గారి బొమ్మ అచ్చు వేశారు. దానితో కొలిచినా పదకొండే వచ్చింది. ఆఫీసువారు శ్రమపడ్డందుకు ధన్యవాదాలు తెలుపుతూ మళ్లీ రాశాను.

మే 10

తాగే వెండి గురించి రాస్తానన్నాను కదా. ఇవాళ సందర్భం వచ్చింది.

రెండేళ్ల కిందట చైర్మన్ గారికి ఒక ఆలోచన కలిగింది. గాయానికి పైన పూస్తేనే ఇంత మేలు చేసే వెండి, లోపలికి తీసుకుంటే ఇంకెంత మేలు చేయాలి? ‘ఆరోగ్య కాంతి’ అని పేరు పెట్టి ట్యాంకులో కలిపించారు. ఆ సభలో నాకు శాలువా కప్పారు. కప్పుతుంటే తల వంచి నిలబడ్డాను, ఫొటోలో నవ్వుతూ కూడా ఉన్నాను. ఇది కూడా ఇతర వివరమే కాబట్టి రాస్తున్నాను.

ఒంట్లో చేరిన వెండి ఎండ తగిలితే నల్లబడుతుంది. గనిలో ఎండ లేదు కాబట్టి మాకెవరికీ ఏమీ కనిపించలేదు. ఊరి పెద్దల ఇళ్లలో మాత్రం ఎముకల బలానికని ఎండ దీపాలున్నాయి. ఏడాది తిరిగేసరికి చైర్మన్ గారి ముఖం, ఆయన భార్య ముఖం, ఇంకో పది కుటుంబాల ముఖాలు పలక రంగుకు తిరిగాయి. మరోచోట అయితే డాక్టరును పిలిచేవారు. ఇక్కడ దాన్ని ‘మెరుగు’ అన్నారు. పెళ్లిచూపుల్లో పిల్లకు మెరుగుందా అని అడుగుతున్నారు. లేనివాళ్లు పెన్సిలు పొడి రాసుకుంటున్నారు.

దీపాలు లేని ఇళ్లవాళ్లకు అనుమానం వచ్చింది. వాళ్లకెక్కిన మెరుగు మాకెందుకు ఎక్కదు, మా కొళాయిలో వెండి పలచగా పోస్తున్నారని సభలో గోల చేశారు. అందుకని ఇవాళ ఉత్తర్వు. కాగులు అవే ఐదు, లవణం రెండింతలు. వాడిన నీళ్లన్నీ పారే కాలవల్లో క్రిములు రెండేళ్లుగా వెండి తాగుతూ దానికి అలవాటు పడుతున్నాయి, గాయాల్లో చేరేవి అవేనని కొత్త స్కేలు ఎంత చెప్పినా ఎవరూ వినలేదు.

మే 12

తొమ్మిదో రోజు. బావ కాలు మానలేదు. కట్టు విప్పితే వాసన వచ్చింది. చుట్టూ చర్మం ఎర్రగా, ముట్టుకుంటే వేడిగా ఉంది. నిన్న ఆ పుండు నుంచి తీసిన క్రిముల్ని పళ్లెం మీద పెట్టాను. ఖాళీ నాలుగు మిల్లీమీటర్లు.

నళిని డాక్టరమ్మ వచ్చి చూసింది. ఈ గనికి ఆమె ఒక్కతే డాక్టరు. బావను బయట కూర్చోమని నాతో అంది: “ఇంకో నాలుగు రోజులు చూస్త కొమురమ్మా. ఎరుపు మోకాలు దాటిందంటే కాలు తీయక తప్పదు.”

బయటికి వెళ్లేసరికి బావ నా స్కేలు చేతిలో పట్టుకుని చూస్తున్నాడు.

“బొమ్మ మంచిగొచ్చింది” అన్నాడు. స్కేలు నా చేతిలో పెట్టి, “ఒంటికాలుతోని నిచ్చెన దిగొస్తదా?” అని అడిగాడు. నేను ఏదో పనున్నట్టు లోపలికి వచ్చేశాను.

మే 13

చైర్మన్ గారిని కలిశాను. ఎండ దీపం కింద కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఆ వెలుతురులో ముఖం తడిసిన పలకలా ఉంది.

“కూర్చో కొమురమ్మా. నీ కాగితాలు చదివిన.”

“చదివిన్రా సార్?”

“చదివిన. స్కేలు పంపింది నేను కాదు, గుమస్తా. నాలుగు మిల్లీమీటర్లంటే ఏందో నాకు తెలుసు.”

ఇది నేను ఊహించలేదు. ఆయనకు ఏమీ తెలియదన్న నమ్మకంతోనే ధైర్యంగా వచ్చాను.

“తెలిస్తే మరి ఆపున్రి సార్. తాగుడు ఆపితే క్రిములు మెల్లగ మళ్ల వెండికి లొంగొచ్చు. పుండ్లకన్నా మిగులుతది.”

“ఇయ్యాల ఆపిననుకో. రేపు ఏమంటరు? తన ముఖానికి మెరుగెక్కింది, ఇంక మనకెందుకని బంద్ పెట్టిండంటరు. ఈ నీళ్ల మీద నమ్మకంతోనే జనం ఈ చీకట్ల బతుకుతున్నరు. అది తీసేస్తే ఏమియ్యాలె నేను?”

“మా బావ కాలు పోతది సార్.”

ఆయన దీపాన్ని కొంచెం పక్కకు తిప్పుకున్నారు. “ఓదెలు మంచి పనిమంతుడు. కాలు పోతే కూసునే పని ఇప్పిస్త” అన్నారు. కఠినంగా అనలేదు. నిజంగానే మేలు చేస్తున్నానన్నట్టు అన్నారు. ఒక మనిషిని అసహ్యించుకుందామని వెళ్లి, అది కూడా సరిగ్గా చేయలేక తిరిగొచ్చాను.

మే 15

సభామందిరంలో ఒక గాజు పెట్టె ఉంది. అందులో పాత కాలపు మాత్రలు పన్నెండు, రేకు అట్టలో. వ్యవస్థాపక దినాన దానికి దండ వేసి, చప్పట్లు కొడతాం. ఎందుకూ పనికిరాని మందును ఎవరూ దొంగిలించరని తాళం చెవి పెట్టె పక్కనే మేకుకు తగిలించి ఉంచారు.

పాత మాత్రను వెండితో కలిపి చూద్దామన్న ఆలోచన డాక్టరమ్మది. నిన్న ఆమె వెళ్లి ఒక మాత్ర తెచ్చింది. దాని అంచు గీకి పళ్లెం మీద పరీక్షించాను. మాత్ర ఒక్కటే పెట్టిన చోట ఖాళీ సున్నా. వెండి ఒక్కటే పెట్టిన చోట నాలుగు. రెండూ కలిపిన చోట పదమూడు. మూడుసార్లు కొలిచాను. తర్వాత డాక్టరమ్మ కొలిచింది.

“వెండి క్రిమి గోడకు కన్నం పెడతది, మాత్ర ఆ సందులకెళ్లి లోపలికి పోతది” అని డాక్టరమ్మ బావకు వివరించింది.

“ఇద్దరు దొంగలన్నమాట” అన్నాడు బావ.

“ఒక్కొక్కరితోని అయితలేదు. ఇద్దరు కలిస్తే అయితది.”

రోజుకొక మాత్ర పొడి చేసి వెండి గుడ్డ మీద చల్లి కట్టాలి, పన్నెండు రోజులు. నడుమ ఆపితే క్రిములు దీనికీ అలవాటు పడతాయి. సభామందిరానికి వెళ్లి మిగతా పదకొండూ తీసుకుని, అట్ట మళ్లీ పెట్టెలో పెట్టాను. ఈ సంగతి ఇక్కడ సంతకంతో సహా రాస్తున్నాను. చదివిన అధికారి వచ్చి నన్ను పట్టుకోవచ్చు.

ఇంకో సంగతి కూడా రాయాలి. ఇవాళ ట్యాంకులోకి వెళ్లిన ఐదు కాగుల్లో వెండి వేయలేదు. తంగేడు కషాయం మాత్రమే, రంగు కోసం కొంచెం ఎక్కువ మరిగించాను.

మే 19

ట్యాంకు నీళ్ల మీద స్పందన: రుచి ఘాటుగా ఉందనీ, రెండింతల వెండి ప్రభావం తెలుస్తోందనీ, కీళ్ల నొప్పులు తగ్గాయనీ ఆఫీసుకు పద్నాలుగు ఉత్తరాలు వచ్చాయట. గుమస్తా స్వయంగా వచ్చి నన్ను అభినందించాడు. మరో శాలువా ఉండొచ్చన్నాడు.

బావ కాలు ఎరుపు రెండు వేళ్ల మేర కిందికి దిగింది. వాసన లేదు.

మే 22

ఎనిమిదో మాత్ర. పుండు అంచుల్లో గులాబి రంగు కొత్త చర్మం.

పోశవ్వ ఇవాళ ఎడమ చేతికి గుడ్డ చుట్టుకుని వచ్చింది. ఆకు కోస్తుంటే పక్కనున్న తుమ్మ ముల్లు చూపుడు వేలులో దిగిందట, మూడు రోజుల కిందట. నాతో చెప్పలేదు. విప్పితే వేలు రెండింతలు ఉబ్బి ఉంది.

“మూడు దినాలు ఏంజేసినవ్ పోశవ్వా?”

“నీకు మీ బావ పుండే సరిపోయె. నాదేముంది, ముల్లేగదా అనుకున్న.”

పోశవ్వ ముఖం కూడా పలక రంగే. ఆమె రోజూ అసలు ఎండలోకి వెళుతుంది కదా. దారిలో ఆడవాళ్లు ఆపి, అవ్వా నీకింత మెరుగెట్లొచ్చింది అని అడుగుతారట. ఆమె చింతపండుతో తోముకుంది, బూడిదతో తోముకుంది, పోలేదు. “మా అమ్మ సూస్తే పీనుగనుకుంటుండె” అని ఒకసారి నాతో అంది. ఈ గనిలో అందరికంటే ఎక్కువ మెరుగున్న మనిషి, అది అక్కర్లేని మనిషి, ఆమె ఒక్కతే.

వేలి నుంచి క్రిములు తీసి పళ్లెం మీద పెట్టాను.

మే 23

ఖాళీ రెండు మిల్లీమీటర్లు.

పొద్దున బావకు తొమ్మిదోది కట్టేశాను. మూడు మాత్రలు మిగిలాయి. బావకు మూడు రోజుల చికిత్స ఉంది. పోశవ్వకు పన్నెండు కావాలి. ఈ లెక్క చేయడానికి నాకు పావుగంట పట్టింది, ఎందుకంటే ప్రతిసారీ వేరే జవాబు వస్తుందేమోనని మళ్లీ మొదలుపెట్టాను.

బావకు చెప్పకూడదనుకున్నాను. డాక్టరమ్మ చెప్పేసింది.

“ఆ మూడు ఆమెకు కట్టు” అన్నాడు బావ.

“నడుమల ఆపితే నీ కాలు తిరగబెట్టొచ్చు బావా.”

“తిరగబెడితే సూద్దాం. నాకు తొమ్మిది పోయినయ్, ఆమెకు ఒక్కటి గూడ పోలే.”

“మూడు ఆమెకు సరిపోవు.”

“సరిపోవని నాకు తెల్వదా? ఊకె కూసుంటే నిద్ర వడ్తదా నీకు?”

డాక్టరమ్మ ఇద్దరి మాటా విని, గోడవైపు తిరిగి, నిర్ణయం తనే చేసింది. మూడూ పోశవ్వకు. వేలు ఎలాగూ దక్కదు, తీసేయాలి. తీసిన చోట గాయం చెడకుండా ఉండటానికి మూడు రోజుల కట్టు సరిపోవచ్చు. సరిపోకపోతే తర్వాత పోయేది చెయ్యి.

ఇది విన్న పోశవ్వ అడిగింది ఒక్కటే. “కుడిచేతి వేలు కాదుగదా?”

“ఎడమది అవ్వా.”

“అయితే కోతకు ఇబ్బంది లేదు” అంది.

పోశవ్వను నేను పదకొండేళ్లుగా ఎరుగుదును. ఆ మాటకు మాత్రం నా దగ్గర వెటకారం లేకపోయింది.

మే 28

వేలు తీశారు. ఆఖరి మాత్ర కూడా అయిపోయింది. తీసిన చోట పొడిగా ఉంది, పోశవ్వ కుడిచేత్తో ఆకు కోసి తెస్తూనే ఉంది. బావ కాలు తిరగబెట్టలేదు, కొంచెం కుంటుతున్నాడు. పంపుల దగ్గరికి దిగాడు.

పోశవ్వను చూడటానికి వచ్చినవాళ్లంతా ఒకే సలహా ఇచ్చారు. ట్యాంకు నీళ్లు ఇంకో రెండు గ్లాసులు ఎక్కువ తాగు, చేతికి మంచిది. రెండింతల వెండి వచ్చినప్పటి నుంచి మా ఇంట్లో ఎవరికీ జలుబు కూడా లేదు. చైర్మన్ గారు చల్లగుండాలి.

నేను ఆ పక్కనే నిలబడి కట్టు మారుస్తున్నాను. నా అబద్ధం బాగా పనిచేస్తోంది. ఇంకా కొన్నాళ్లు పనిచేస్తే, నా తర్వాత ఈ గదికి వచ్చేవాడు నిజాయితీపరుడైతే, ఉత్తర్వు ప్రకారం నిజంగానే రెండింతలు కలుపుతాడు. అప్పటికి రెండు మిల్లీమీటర్లు కూడా మిగలవు.

రేపు సర్వసభ ఉంది. మాట్లాడటానికి పేరు ఇచ్చాను. విషయం అన్నచోట ‘తాగునీరు’ అని రాశాను. గుమస్తా సంతోషంగా నమోదు చేసుకున్నాడు. శాలువా విషయం అనుకుని ఉంటాడు.

మే 29

సభకు ఆరు వందల మంది దాకా వచ్చారు. పళ్లేలు, పాత కొలతల కాగితాలు తీసుకెళ్లి చూపించాను. పదహారు, పదకొండు, నాలుగు, రెండు. ముందు వరసలవాళ్లు వంగి చూశారు, వెనకవాళ్లు ముందువాళ్లను చూశారు. గాజు పెట్టెలో ఉన్నది ఖాళీ అట్ట అని చెప్పాను. తర్వాత ట్యాంకు సంగతి చెప్పాను.

“పదిహేను దినాలుగ మీరు తాగుతున్నది తంగేడు కషాయం. అందుల వెండి లేదు.”

మొదట ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక అందరూ ఒకేసారి మాట్లాడారు. కీళ్ల నొప్పులు తగ్గాయని ఉత్తరం రాసిన ఆయనకు అప్పటికప్పుడు నొప్పులు తిరిగొచ్చాయి. ఒకామె తన బిడ్డ పెళ్లిచూపులు వచ్చే నెలలోనని, మెరుగుకు కొమురమ్మదే పూచీ అని ఏడ్చింది. నన్ను తీసేయాలని, తీసేయడం చాలదని, పైకి పంపాలని అన్నారు. బావ లేచి ప్యాంటు పైకి మడిచి కాలు చూపించాడు. ఎవరూ పెద్దగా చూడలేదు.

చైర్మన్ గారు చెయ్యెత్తి నిశ్శబ్దం చేయించారు. నన్ను తిట్టలేదు, సమర్థించనూ లేదు. ఓటు పెడదామన్నారు. తాగునీళ్లలో వెండి మళ్లీ కలపాలన్నవాళ్లు మూడు వందల తొంభై ఒక్కమంది. వద్దన్నవాళ్లు నూట పద్దెనిమిది. మిగతావాళ్లకు ఏ ప్రశ్న అడిగారో తెలియలేదు.

“సభ నిర్ణయం అయిపోయింది” అన్నారు చైర్మన్ గారు, నా వైపు చూడకుండా.

అప్పుడు పోశవ్వ లేచింది. ఆమె సభలో మాట్లాడగా నేనెప్పుడూ చూడలేదు. చాలామందికి ఆమె పేరు కూడా తెలియదు, ఆకు తెచ్చే ఆమె అంటారు.

“మీరు వెయ్యాలంటే వేస్తరు. నాదేంలేదు” అంది. “గాని ఆకు తెచ్చేది నేను. గాయాల కాగుకు ఒక్క గంప కావాలె, అది నేను తెస్త. మీరు తాగే ఐదు కాగులకు ఐదు గంపలు కావాలె. పైన మూడు గంటలు ఎండల నిలవడాలె. ఆడ తంగేడు ఉంటది, తుమ్మ గూడ ఉంటది. ఎవలు తెస్తరో వాళ్లు చెయ్యి లేపున్రి.”

ఎలా లేపాలో చూపిస్తున్నట్టు తన ఎడమ చెయ్యి లేపింది. కట్టు ఉన్న చెయ్యి, నాలుగు వేళ్లు. లేపి, అలాగే ఉంచి, సభంతా నెమ్మదిగా చూసింది.

మూడు వందల తొంభై ఒక్కమంది కాళ్లు చూసుకున్నారు. చైర్మన్ గారు కొంతసేపు ఆగారు. తన వెనక వరసలోని పలక రంగు ముఖాలవైపు తిరిగి కూడా చూశారు. పెళ్లిచూపుల పిల్ల తల్లి కొంగు సర్దుకుంది. ఎక్కడో గోడ నుంచి నీళ్లు కారుతున్న చప్పుడు వినిపించింది.

“ఎవరన్న ఉన్నరా?” అని చైర్మన్ గారు మరోసారి అడిగారు. ఆ గొంతులో ఎవరూ ఉండకూడదన్న ఆశ లాంటిది నాకు వినిపించింది. నా భ్రమ కావచ్చు.

చెయ్యి ఒక్కటే లేచి ఉంది.

“తర్వాతి అంశం, రెండో అంతస్తు పైకప్పు మరమ్మతు” అన్నారాయన.

పోశవ్వ చెయ్యి దించి నా పక్కన కూర్చుంది. నొప్పికి మొహం ముడుచుకుపోయింది. కాసేపటికి నా చెవి దగ్గరికి వంగింది.

“కొమురా, ఒక్క గంపే అంటే గంటల అయిపోతది. రేపు పొద్దెక్కేదాంక పండుకుంట. నన్ను లేపకు.”